గుడి గోడ కూలినంక

శాంతమ్మ బాపూ,

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్న. నువ్వు చదవవని ఎర్కే.

మొన్నటి ముసురుకు మన ప్రార్థన గుడి పడమటి గోడ కూలింది. ఎవ్వరికీ ఏం కాలే. ఇయ్యాల ఆదివారం గద, పాస్టరయ్య బైబిలుల సిలోయము గోపురం సంగతి చదివిండు. అది మీదపడి సచ్చినోళ్లు అందరికంటె పెద్ద పాపులేం గాదని యేసుప్రభువే చెప్పిండట. "వాన పాపం జూసి గోడ కూలగొట్టదు" అన్నడు అయ్య. అందరు తలకాయలు ఊపిండ్రు.

పోయినేడు గిసొంటి ముసురులనే మన ఇంటి గోడ నీ మీద పడ్డది. నిన్ను బొంద పెట్టంగ గీ అయ్యనే పాపులను ముంచిన నోవహు నాటి జలప్రళయం చదివిండు. "దేవుడు ఊకెనే దండించడు" అన్నడు. గా మాట విన్నంక మనింటి గడప ఎవ్వరు తొక్కలే.

గోపురం ముచ్చట గప్పుడు గూడ గదే పుస్తకంల ఉండె గద!

రేపు గోడకు మట్టి తొక్కుదమన్నరు, నేను గూడ వస్తనన్న.

ఇంటికి వస్తాంటే తొవ్వల శాంతమ్మ నా కొంగు గుంజింది. "అమ్మా, గట్లయితే బాపు పాపి గాదా?" అన్నది.

ఏడాదంత పిల్ల గా మాట కడుపుల పెట్టుకొని తిరిగింది.