బైబిల్ సంచిలో సర్వపిండి

గురుకుల కాలేజీ హాస్టల్,
జహీరాబాద్ రోడ్డు,
ఆగస్టు 3

ప్రియమైన డాడీకి,

నీ క్యాథరిన్ ప్రేమతో రాయునది. నేను బాగున్నాను. కెమిస్ట్రీ మాత్రం బాగా లేదు. నువ్వు రోజంతా రియాక్టర్ల మధ్య నిలబడి మందులు తయారు చేస్తావు, నీ బిడ్డకు మాత్రం ఒక్క ఈక్వేషన్ కుదరదు. ఇది ఎవరికీ చెప్పకు.

అసలు సంగతి వేరే ఉంది. 'జాసూస్ జంగయ్య' రెండో భాగం వచ్చిందట! రుచిత వాళ్ళ అన్న ఆదివారం వచ్చి చెప్పి పోయాడు. అప్పటి నుంచి మా గదిలో ఎవరికీ పుస్తకం మీద చూపు నిలవడం లేదు. ఇక్కడ ఫోన్లు ఉండవు కాబట్టి ఒక్క పాట ముక్క చూసే దారి కూడా లేదు.

మొదటి భాగం మనం ముగ్గురం సంగారెడ్డిలో చూశాం కదా. బయటి తిండి తేవద్దని గేటు దగ్గర సంచులు వెతుకుతుంటే, అమ్మ సర్వపిండిని బైబిల్ సంచిలో పెట్టి జిప్పు వేసి, ఉపవాస ప్రార్థనకు పోతున్నట్టు ముఖం పెట్టుకుని లోపలికి నడిచింది. గేటాయన పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు. తెర మీద జంగయ్య దొంగ పాస్‌పోర్టుతో దొరికిపోతుంటే నువ్వు గట్టిగా, "నీకన్న మా ఇంటామె నయం గదరా జంగయ్యా!" అన్నావు. అమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి నీళ్ళ సీసా ఇచ్చాడు.

అమ్మ పోయాక మనం థియేటర్ ముఖం చూడలేదు. ఈసారి నువ్వు పో డాడీ. నా దసరా సెలవుల దాకా ఆగితే సినిమా ఉండదు. చూసి, కథంతా రాయి. ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ రాలేదో కూడా రాయి. గదిలో అందరికీ చదివి వినిపిస్తానని మాట ఇచ్చేశాను.

నీ బిడ్డ,
క్యాతి


పోతిరెడ్డిపల్లి,
ఆగస్టు 14

ప్రియమైన క్యాతమ్మకు,

డాడీ దీవెనలు. నీ ఉత్తరం అందింది. కెమిస్ట్రీ సంగతి ఎవరికీ చెప్పలేదు, నర్సన్నకు తప్ప. అతను కూడా మా గడ్డపోతారం కంపెనీలో నాతోపాటే పనిచేస్తాడు కాబట్టి ఇది బయటికి పోయినట్టు కాదు.

నువ్వు చెప్పినట్టే సినిమాకు పోయాను, నర్సన్నతో. మీ గదిలో పిల్లలకు ముందే చెప్పు, సినిమా బాగా లేదు.

మొదటి భాగంలో జంగయ్య ఎవరు? లిఫ్టులు బాగుచేసుకునే మనిషి. ముఖం ఎవరో జాసూస్‌లాగా, అదే గూఢచారిలాగా ఉందని సర్కారు పొరపాటున పట్టుకుపోయింది. పగలంతా దొంగలను వెంబడించాలి, సాయంత్రానికి పెరుగు ప్యాకెట్‌తో ఇంట్లో ఉండాలి. లేకుంటే పెళ్ళాం బాలమణి ఊరుకోదు. నవ్వంతా ఆ పెరుగు ప్యాకెట్‌లోనే ఉండేది. తుపాకీ పేలినా ప్యాకెట్ పగలొద్దని అతని పరేషాన్.

ఇప్పుడు జంగయ్య విమానం దిగితే పడవ, పడవ దిగితే హెలికాప్టర్. ఎన్ని దేశాలు తిరిగినా ఒక్కచోట ఆకలి కాలేదు, ఒక్కచోట బస్సు తప్పిపోలేదు. కోటు నలగలేదు. అట్లాంటి వాణ్ణి చూసి మనం ఎందుకు నవ్వాలి? బాలమణికి రెండే సీన్లు, అందులో ఒకటి ఫోన్‌లో. "జల్దీ రావయ్యా" అని పెట్టేసింది. ఆమె లేకపోతే ఇంటికి ఎందుకు రావాలో జంగయ్యకే తెలియనట్టుంది.

ఒక్క సీను చెప్తాను. జంగయ్య, విలన్ లిఫ్టులో ఇరుక్కుపోతారు. విలన్‌కు మూసిన గది అంటే భయం. తుపాకీ జంగయ్య మీద పెట్టి వణుకుతుంటాడు. జంగయ్య స్క్రూడ్రైవర్ తీసి, "సార్, మీరు సర్వీసింగ్ చేయించక ఎన్ని రోజులైంది?" అని అడుగుతాడు. విలన్ ఏడుస్తూ అపార్ట్‌మెంట్ సెక్రటరీ మీద ఫిర్యాదు మొదలుపెడతాడు. మా కంపెనీ బిహారీ పిల్లలు ముందు వరుసలో ఉన్నారు, తెలుగు రాకపోయినా సీట్ల మీద ఎగిరి నవ్వారు. ఇంకొకటి, ఒంటె మీద జంగయ్య పారిపోతుంటే ఆ ఒంటె ప్రతి టీ కొట్టు దగ్గరా ఆగుతుంది, కదలదు. అది కూడా ఫరవాలేదు. తర్వాత వచ్చే పెళ్ళి బ్యాండు సీను కూడా.

ఇంటర్వెల్‌లో వేడి సర్వపిండి తిని కూర్చున్నాను. రెండో సగంలో పేలుళ్ళు తప్ప ఏమీ లేదు. మొత్తానికి టికెట్ దండగ. మీ అమ్మ ఉంటే మధ్యలోనే లేచి వచ్చేది.

ఒంట్లో జాగ్రత్త. చదువుకో.

నీ డాడీ,
థామస్


హాస్టల్,
ఆగస్టు 22

ప్రియమైన డాడీకి,

నీ ఉత్తరం చదువుతుంటే గదిలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఒంటె దగ్గర రుచిత మంచం మీంచి జారింది. వార్డెన్ మేడమ్ వచ్చి ఏందీ లొల్లి అని అడిగి, తానూ కూర్చుని లిఫ్టు సీను మళ్ళీ చదివించుకుంది. అంతా అయ్యాక రుచిత ఒక మాట అడిగింది: "సినిమ బాగలేదన్నడు గదనే మీ డాడీ, మరి గన్ని సీన్లు ఎట్ల యాదికున్నయి?"

అప్పటి నుంచి నీ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. ఇప్పుడు నాకూ ఒక ప్రశ్న వచ్చింది.

సర్వపిండి ఎవరు చేశారు డాడీ?

నీకు రాదు. అమ్మ పోయిన ఏడాది నువ్వు చేస్తానని కూర్చుంటే అది గిన్నెకు అతుక్కుని, గిన్నెనే పారేశాం. నర్సన్న బాబాయి గది తీసుకుని ఒక్కడే ఉంటాడు, క్యాంటీన్‌లో తింటాడు. థియేటర్‌లో సమోసాలు, పాప్‌కార్న్ తప్ప అమ్మరు. అది వేడిగా ఉంది అంటే ఎవరో ఇంట్లో అప్పుడే చేసి తెచ్చారు. తెచ్చిన వాళ్ళు నీ పక్కన కూర్చున్నారు.

అమ్మ బైబిల్ సంచి ఇచ్చావా వాళ్ళకు? అది ఒక్కటి చెప్పు ముందు.

క్యాథరిన్


పోతిరెడ్డిపల్లి,
ఆగస్టు 30

నా బంగారు తల్లికి,

సంచి ఎవరికీ ఇవ్వలేదు. అల్మారాలో నువ్వు పెట్టిన చోటే ఉంది. ముందు అది నమ్ము, తర్వాత మిగతాది చదువు.

నర్సన్నతో పోయాను అన్నది అబద్ధం. లీలమ్మ గారితో పోయాను. నీకు సండే స్కూల్ చెప్పిన లీలమ్మ టీచర్. వాక్యంలో ఒక్క మాట తప్పితే "మొదటి నుంచి చెప్పు" అని మళ్ళీ నిలబెట్టేది కదా, ఆమె. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు.

పోయిన కోతపండుగ వేలంలో చర్చికి ఎవరో కానుకగా తెచ్చిన గుమ్మడికాయకు నేను పాట పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు, మీ అమ్మ ఏటా గుమ్మడికాయ పాడేది, అందుకేమో. లీలమ్మ గారు నా మీద పెంచారు. నేను ఆమె మీద పెంచాను. చివరికి నాకే వచ్చింది. ఆమె బయట ఆపి, "వండ రానోనికి గుమ్మడికాయ ఎందుకయ్యా?" అని అడిగింది. నేను నిజమే చెప్పి, కాయ ఆమె చేతిలోనే పెట్టాను. మర్నాడు సగం కాయ కూర వండి, మిగతా సగం కాయతో సహా పంపింది. మాటలు అట్లా మొదలయ్యాయి.

నువ్వు సినిమాకు పొమ్మని రాసిన ఉత్తరం ఆమెకు చూపించాను. "ఒక్కనివి పోతె నవ్వు రాదు" అని తానే వస్తానన్నది. సర్వపిండి ఆమె చేసింది. అదే థియేటర్, గేటు దగ్గర అదే మనిషి, దాచడానికి మేము ఏమీ తేలేదు. ఆమె డబ్బా మూత తీసి గేటాయన ముందు పెట్టి, "అన్నా, ఇది సర్వపిండి. ఒకటి తీస్కో" అంది. ఆయన తీసుకుని, నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? "మీ ఆమె బైబిల్ సంచిల తెస్తుండె గద. వాసన నాకు తెల్వదా? పోనీ అని ఇడిసిపెట్టేటోన్ని. మంచిగున్నదా ఆమె?" అన్నాడు.

నేను టికెట్లు ముందుకు చాచాను. లీలమ్మ గారే చెప్పింది, ఆమె ప్రభువు దగ్గరికి పోయిందని. ఇంకో ముక్క ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు, మమ్మల్ని లోపలికి పంపాడు.

క్యాతమ్మా, లిఫ్టు సీనులో నేను నవ్వాను. పెద్దగా నవ్వాను. నా నవ్వు నాకే వినబడి భయమేసింది. మీ అమ్మ లేని సినిమా బాగుందని నీకు ఎట్లా రాయను? అందుకే తిట్టాను. నేను రాసిన తప్పులన్నీ ఆ సినిమాలో ఉన్నాయి, అయినా నాకు నవ్వొచ్చింది.

చర్చి అయ్యగారు పెళ్ళి మాట అడిగారు. లీలమ్మ గారు అప్పుడే ఒప్పుకోలేదు. "మూడు ఆదివారాలు మా పేర్లు సదివి, ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా అని చర్చి మొత్తాన్ని అడుగుతరు. ముందుగాల ఆ పిల్లను అడగాలె గద" అంది. అడగమని పోరింది. నాకే ధైర్యం చాలలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వద్దు అంటే వద్దే.

నీ డాడీ


పోతిరెడ్డిపల్లి,
సెప్టెంబర్ 20

ప్రియమైన క్యాతమ్మకు,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఆఫీసు ఫోన్‌కు చేస్తే బాగానే ఉన్నావన్నారు, అది చాలు.

నీ మౌనం నాకు అర్థమైంది బిడ్డా. లీలమ్మ గారికి చెప్పాను, ఇక ఆ మాట వద్దని. ఆమె "మంచిది" అంది, కోపం తెచ్చుకోలేదు. సినిమా కూడా థియేటర్ నుంచి తీసేశారు. ఇకముందు నేను ఆ ఊసు ఎత్తను. నాకు నువ్వు ఉన్నావు.

దసరా సెలవులకు కంపెనీలో లీవు పెట్టాను. బస్టాండుకు వస్తాను.

నీ డాడీ


హాస్టల్,
సెప్టెంబర్ 24

ప్రియమైన డాడీకి,

నాకు చాలా కోపం వచ్చింది. పెళ్ళి మాటకు కాదు. నువ్వు నవ్వావు అని రాశావు చూడు, దానికి. అమ్మ లేకుండా నవ్వాడా అని రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. సినిమాకు పొమ్మన్నది నేనే, నవ్వు రాయమన్నదీ నేనే. అయినా ఏడ్చాను.

ఇప్పుడు నీకు తెలియని సంగతి. మొన్న ఆదివారం లీలమ్మ టీచర్ ఇక్కడికి వచ్చింది. ఆఫీసులో "పిల్లకు మీరు ఏమవుతారు?" అని అడిగితే, "ఇంకా ఏం కాను. అయ్యేదీ కానిదీ ఆ పిల్ల చెప్పాలె" అందట. వాళ్ళు పరేషాన్ అయ్యి, వరండాలో వార్డెన్ మేడమ్ ఎదురుగా కూర్చోబెట్టారు.

నేను పోయి నిలబడ్డాను, కూర్చోలేదు. సర్వపిండి డబ్బా చూసి ఇంకా మండింది. "సినిమా బాగ నవ్వొచ్చిందా టీచర్?" అని అడిగాను. ఎట్లా అడిగానో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆమె అంది, "నాకు నవ్వొచ్చింది బిడ్డా. నేను మొదటిది సూడలే, నాకంత కొత్తనే. మీ డాడీ నవ్వుకుంటనే ఇంకేదో ఎతికిండు. నవ్వినప్పుడల్ల పక్క సీటు దిక్కు సూసెటోడు, ఆడ నేనున్న. నన్ను సూసి మళ్ల తెర దిక్కు తిరిగెటోడు. ఆయన ఎతికేది ఏందో నాకు ఎరుక లేదు. మొదటిది ఆయనతోని సూసినోళ్లల్ల నువ్వే మిగిలినవు. అడుగుదమని వచ్చిన."

ఆమె అచ్చం సండే స్కూల్‌లోలాగే చేతులు కట్టుకుని, "మొదటి నుంచి చెప్పు" అంది.

చెప్పాను డాడీ. నిలబడే మొదలుపెట్టి, ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. జంగయ్య, బాలమణి, పెరుగు ప్యాకెట్. అమ్మ ఎక్కడ నవ్వింది, ఎక్కడ పొలమారింది, నీళ్ళ సీసా ఎవరిచ్చారు. బైబిల్ సంచి జిప్పు ఎట్లా వేసింది. మధ్యలో ఏడ్చాను, ఆమె ఊరుకోమని అనలేదు, ఆగింది అంతే. అమ్మ నవ్విన చోట టీచర్‌కు నవ్వు రాలేదు. వేరే చోట్ల వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను. అమ్మలాగా నవ్వడానికి ఒక్కసారి కూడా ప్రయత్నం చేయలేదు. అందుకే నాకు ఆమె మీద కోపం నిలవలేదు.

ఆమె సర్వపిండి అమ్మ చేసినంత బాగా లేదు. నువ్వులు ఎక్కువ. నేను రెండు తిన్నాను, మిగతాది రుచిత వాళ్ళు ఖాళీ చేశారు.

పోయేముందు ఆమె, "మీ డాడీ నాతోని మాట బంద్ చేసిండు, అది సరే. నీతోని బంద్ చెయ్యకుంటె చాలు" అంది. నువ్వు ఈ ఉత్తరం అందగానే ఆమె దగ్గరికి పో. గుమ్మడికాయ లేకుండా పో.

వచ్చే ఆదివారం మీ పేర్లు చదివించండి. మూడో ఆదివారానికి నేను సెలవుల్లో అక్కడే ఉంటాను. అయ్యగారు ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగినప్పుడు నేను నీ పక్కనే కూర్చుంటాను. నన్ను చూసి భయపడకు, లేవను. ఆమెను ఏమని పిలవాలో ఇంకా తేలలేదు, అప్పటి దాకా టీచర్ అనే పిలుస్తాను.

అమ్మ బైబిల్ సంచి మాత్రం నాకు కావాలి డాడీ. లోపల నూనె మరక ఉంటుంది, కడగకు. లీలమ్మ టీచర్‌కు దాని అవసరం లేదు, ఆమె మూత తీసి చూపించే లోపలికి పోతుంది. జంగయ్య మూడో భాగం వచ్చినప్పుడు మనం ముగ్గురం పోదాం. గేటాయనకు ఒక ముక్క ఆమె ఇస్తుంది, ఇంకో ముక్క నేను సంచిలోంచి తీసి ఇస్తాను.

నీ బిడ్డ,
క్యాతి