నాన్న లారిసాకి రాడు

కాలిమ్నోస్ దీవి,
ఆదివారం

పిన్నీ,

అమ్మ పోయాక నాన్నను చూసుకోవడం నాకు కష్టమని, ఆయన్ని లారిసాకి పంపమని రాశావు. కానీ మీ ఊళ్ళో సముద్రం లేదు.

నువ్వు పెళ్ళై వెళ్ళిపోయాక జరిగింది కనుక నీకు కొంతే తెలుసు. సముద్రం అడుగున స్పాంజిలు కోయడానికి మునిగిన నాన్న, లోతునుంచి మరీ తొందరగా తేలడంతో కాళ్ళు చచ్చుబడి పైకి వచ్చాడు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాడట. నీళ్ళంటే వణికే అమ్మ పడవ నడపడం నేర్చుకుని, ఒక ఆదివారం ఆయన్ని వీపున వేసుకుని రేవుకు వెళ్ళింది.

"ఏం థెమెలీనా, మొగుణ్ణి అమ్మకానికి పెడుతున్నావా?" అని అక్కడి మగవాళ్ళు నవ్వారు.

"మీరు కొనలేరులే, పక్కకి జరగండి," అంది.

పడవలో తీసుకెళ్ళి ఆయన్ని సముద్రంలోకి దింపింది. నీళ్ళలో కాళ్ళతో పనేముంది? నాన్న మళ్ళీ పాత మనిషయ్యాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారమూ అంతే. ఆయన తల తేలేదాకా అమ్మ మాత్రం పడవ అంచు గట్టిగా పట్టుకుని కూర్చునేది.

అమ్మ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన నిన్న అయింది. ఈ ఉదయం నాన్న, "అమ్మాయ్, పడవ తియ్యి," అన్నాడు. తీసుకెళ్ళాను. మునిగినవాడు ఎంతకీ రాలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చివరికి తేలి, నా ముఖం చూసి, "మీ అమ్మ కూడా ఇలాగే పాలిపోయేది. ఒక్కసారీ వద్దనలేదు. నీకు భయమైతే చెప్పు, మానేస్తాను," అన్నాడు.

"ఇంకోసారి మునుగు నాన్నా," అన్నాను.

వీలైతే నువ్వే రా, పిన్నీ.

నీ అక్క కూతురు