ఉపవాస ప్రార్థన పట్టీ అనుకుని మేం పెట్టిన సంతకాల గురించి

కార్మిక అధికారి గారి సముఖమునకు,

విషయం: సైన్యానికి ఇసుక సంచులు కుట్టు ఆడవారికి సగం కూలి ఇచ్చుట, అందుకు మా సంతకాలే సాక్ష్యంగా చూపుట గురించి.

అయ్యా,

మండపేట దగ్గర షెడ్డులో ప్రభుత్వ కాంట్రాక్టు పని చేయుచున్న నలభై ఒక్క మంది ఆడవారి తరఫున మనవి చేయునది ఏమనగా:

1. సరిహద్దులో యుద్ధం మొదలైనప్పటి నుంచి రోజుకు పన్నెండు గంటలు కుడుతున్నాము. మాకు మూడు వందలు. నా పక్క మిషను మీద అదే సంచి కుట్టే ఆరోన్‌కు ఆరు వందలు. ఆరోన్ మంచివాడే. అతని కుట్టు వంకరపోతే విప్పి సరిచేసేది నేనే.

2. అడిగితే సూపర్‌వైజరు సత్తిరాజు గారు, “జవాన్లు ప్రాణాలిస్తుంటే మీకు కూలి గొడవేంటమ్మా?” అన్నారు. మాతో కుట్టే సూరమ్మత్త ఊరుకోలేదు. “ఆళ్ళకి జీతాలు ఆపేశారేంటండీ?” అంది. మర్నాడు ఆమెను గేటు దగ్గరే ఆపేశారు.

3. అసలు సంగతి ఇది. ప్రతి శుక్రవారం మా చర్చిలో ఉపవాస ప్రార్థనకు పేర్ల పట్టీ తిరుగుతుంది. పైన ఏం రాసి ఉందో ఎవరూ చూడరు. యుద్ధం వచ్చిన వారం సత్తిరాజు గారు షెడ్డులో అలాంటి పట్టీయే తిప్పి, “సైనికుల కోసమమ్మా, సంతకాలు పెట్టండి” అన్నారు. ప్రార్థనకే అనుకున్నాము. కొందరు ఆ రోజు అన్నం కూడా మానేశారు. ఇప్పుడు చూస్తే పైన “జీతం కోరక స్వచ్ఛందంగా సేవ చేయుచున్నాము” అని ఉంది. మాకిచ్చేది కూలి కాదట, గౌరవ వేతనమట.

నేను ఏడో తరగతితో బడి మానేసినా పాత పేపర్లు పట్టుకుని చదవడం నేర్చుకున్నాను. ఏ కాగితమైనా షెడ్డులో నా దగ్గరకే తెస్తారు. ఆ పట్టీని మాత్రం నేనూ చదవలేదు. మొదటి సంతకం నాది. అది చూసే మిగతావాళ్ళు పెట్టారు.

4. సోమవారం తనిఖీకి వచ్చేవారితో “మా ఇష్టంతోనే చేస్తున్నాం” అని చెప్పాలట. చెప్పనివాళ్ళు ఇంటికే.

కావున ఆ పట్టీ చెల్లదని సోమవారంలోగా ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. ఈ అర్జీని వివరణ కోసమని కాంట్రాక్టరుకు పంపకండి. పంపితే నన్ను పట్టిచ్చినట్టే.

దయతో చిత్తగించి, మేము కుడుతుండగా తామే వచ్చి చూడవలెను.

తమ విధేయురాలు,
ఆశాజ్యోతి

తా.క.: మీ గుమాస్తా గారు “సారు మీటింగులో ఉన్నారు, పెట్టెలో వేసి వెళ్ళమ్మా” అంటున్నారు. వెయ్యను. మీ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. ఈ పూట పనికి పోలేదు గనుక నా మిషను ఈపాటికి ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. నాకిప్పుడు తొందరేమీ లేదండి.