చిన్నస్వామికి పెట్టిన పరీక్ష

1917 జూలై 9
తలకు దెబ్బ తగిలి యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి చిన్నస్వామిని మా ఆస్పత్రికి పంపారు. ఉప్పళం ఊరి మనిషి. పెళ్లాన్ని కూడా గుర్తుపట్టడట. నిజంగా జ్ఞాపకం పోయిందో, నటిస్తున్నాడో తేల్చమని మేజర్ నాకు అప్పగించాడు. నటనైతే వచ్చే స్టీమర్‌లో మళ్లీ యుద్ధానికే. నా దగ్గర దొంగ మతిమరుపులు సాగవు.

జూలై 11
నేను కనిపెట్టిన టెస్ట్ తేలికైనది. ఒక వస్తువు చూపిస్తాను. కాసేపు ఊరి కబుర్లు చెప్పి, దాన్నీ ఇంకొకదాన్నీ చెరో చేత పట్టుకుని ముందుకు చాపుతాను. ఇందాక చూసింది తీసుకోమంటాను. జ్ఞాపకం లేనివాడు గుడ్డిగా తీసినా సగంసార్లు సరైనదే తగలాలి. చిన్నస్వామికి ఒక్కసారీ తగల్లేదు. తాళంచెవి చూపిస్తే బొత్తాం తీశాడు, బొత్తాం చూపిస్తే తాళంచెవి. సరైనదేదో తెలిస్తేనే కదా అంత నిక్కచ్చిగా తప్పించుకోగలడు. దొరికాడు. రిపోర్ట్ ఇచ్చేశాను.

జూలై 12, ఉదయం
భార్య మంగళం వచ్చింది. నీ మొగుడిది నాటకమని చెప్పేశాను. ఏడుస్తుందనుకుంటే నవ్వింది. అట్లయితే నేనెవురో ఆయనకి తెలుసు గదా సామీ, యుద్ధానికి పొయ్యి మళ్లా వస్తాడులే, అంది.

చిన్నస్వామి తలనొప్పికి వేయమని ఆమెకు పొడి పొట్లం ఇవ్వబోయాను. అందుకోలేదు. ఏంది సామీ, ఎడంచేత్తో ఇస్తే ఎట్ల తీసుకునేది, మా మేనత్త నాకూ ఆయనకీ చిన్నప్పుడే చేతిమీద కొట్టి నేర్పించింది, అంది.

నాది పుర్రచేతి వాటం. సరైన వస్తువును ప్రతిసారీ ఎడమచేత్తోనే పట్టుకున్నాను.

సాయంత్రం 4
రెండు వస్తువులూ బల్లమీద పెట్టి, చోట్లు మారుస్తూ మళ్లీ చూశాను. సగం తప్పు, సగం ఒప్పు. వాడిది గుడ్డి ఎంపికే. జ్ఞాపకం పోయినా పెంపకం పోలేదు. మేజర్ ముందే పాత రిపోర్ట్ చింపి కొత్తది రాశాను. మేజర్ ముఖం చిట్లించాడు. చిట్లించుకోనీ. ఈసారి నాకు అనుమానం లేదు, ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతాను.

జూలై 13
నీ మొగుణ్ణి యుద్ధానికి పంపరని మంగళానికి చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది. ఇంకోసారి చూడు సామీ, నటిస్తా ఉంటాడు, చిన్నప్పట్నించీ మాయలమారి మనిషి, నాకు తెలవదా, అని బతిమాలింది. టెస్ట్‌లో ఇక తప్పు లేదన్నాను. లేదు కూడా. ఆ మాట అనడానికి ఇంత కష్టపడతానని అనుకోలేదు.

జూలై 20
స్టీమర్ వెళ్లిపోయింది. వరండాలో మంగళం ఈ పూట కూడా చిన్నస్వామికి తన పేరు చెప్పుకుంది.