లోపలి కుట్లు

సెలవు రోజు, మధ్యాహ్నం

అత్తయ్యకి నమస్కారాలు.

ఫోన్లో నీకు సగమే వినబడుతుంది. మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కంగారుపడకు. ఈ ఉదయం ఇంట్లో కళ్లు తిరిగి పడిపోయాను, అంతే.

అప్పటికి వీధి వీధంతా ఇంకా నిద్ర లేవలేదు. ముందుగదిలో నాన్న కుట్టుమిషను ఒక్కటే చప్పుడు చేస్తోంది. "సెలవు రోజు కూడా ఎవరి బట్టలు నాన్నా?" అంటే "అర్జంటువి" అన్నాడు. అమ్మ పోయిన ఈ పది నెలల్లో నాన్న నాతో అన్న మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. పై అరలో డబ్బా అందుకుందామని చెయ్యెత్తాను. తర్వాత చూస్తే నేల మీద ఉన్నాను. ఇస్త్రీకి ముందు బట్టల మీద చల్లే నీళ్ల సీసాతో నాన్న నా మొహం తడుపుతున్నాడు. ఇంకాసేపు లేవకపోతే ఇస్త్రీపెట్టె కూడా తెచ్చేవాడేమో!

ఇప్పుడు బాగానే ఉన్నాను.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. పోయిన వారం లైబ్రరీలో పనిలో ఉండగా కూడా ఇలాగే అయితే, మా బుక్ బైండరు సైకిలు మీద ఇంటిదాకా దింపాడు. నాన్నకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.


చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ముప్పై రెండేళ్లు కాన్పుల ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని. కళ్లు తిరిగి పడ్డ ఆడపిల్లల్ని నాలుగు వందల మందిని చూశాను. వాళ్లలో ముగ్గురికే వడదెబ్బ. మిగతా వాళ్ల పిల్లలకి ఇప్పుడు పెళ్లిళ్లు కూడా అయిపోయాయి.

మా మరదలు ఉంటే ఈ మాట తనే అడిగేది. లేదు కాబట్టి నేనడుగుతున్నాను. ఎన్నో నెల? ఆ సైకిలు మనిషికి నిన్ను చేసుకునే ఉద్దేశం ఉందా, లేదా?

నేను తిట్టను. ముందు నిజం చెప్పు, తర్వాత తిడతాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. లేతపసుపు ఊలు కొన్నాను. ఆడైనా మగైనా పనికొస్తుంది.


అత్తయ్యకి, (ఈసారి నమస్కారాలు లేవు)

ఆ బైండరుకి అరవై ఒకటో ఏడు. పళ్లు కట్టుడువి. మనవలు నలుగురు. నన్ను దింపేటప్పుడు దారిలో రెండుసార్లు ఆయనే ఆగి ఆయాసం తీర్చుకున్నాడు.

నాకే నెలా లేదు. సాక్ష్యం కావాలా? పోయినేడాది నాన్న కుట్టిన నల్ల పాంటు ఇవాళ్టికీ నాకు అచ్చు కొత్తలో ఉన్నట్టే సరిపోతోంది. ఒళ్లు పెరగలేదు, తగ్గలేదు. తిండి కూడా బాగానే తింటున్నాను. ఇంక ఆ ఊలు పక్కన పెట్టు.

ఇట్లు,
పెళ్లి కాని, కడుపూ రాని మేనకోడలు

తా.క. నీ ఉత్తరం నాన్న చూడలేదు. సెలవు దొరికితే చాలు, మిషను ముందు కూర్చుని తల ఎత్తడం లేదు.


చిరంజీవి మేనకోడలికి,

అరవై ఒకటైతే మాత్రం? ఆసుపత్రిలో నేను చూడని వింత లేదు. నువ్వు చెప్పేలా లేవు కాబట్టి ఆయనకే మీ లైబ్రరీ చిరునామాకి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. ఆరు ప్రశ్నలు, నంబర్లు వేసి మరీ అడిగాను.

పాంటు సరిపోవడం సాక్ష్యం కాదు. ఇంటి నిండా టేపులే కదా, నడుం కొలువు. మీ నాన్న కొలతల పుస్తకంలో పాత అంకె ఉంటుంది. రెండూ రాసి పంపు.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. టోపీ అల్లడం అయిపోయింది. పోస్టులో వేశాను.


అత్తయ్యకి నమస్కారాలు.

నెల దాటి రాస్తున్నాను, ఏమనుకోకు.

నాన్న స్నానానికి వెళ్లినప్పుడు కొలుచుకున్నాను. ఇరవై అయిదు. పుస్తకంలో అమ్మ పేజీ పక్కనే నా పేజీ. అక్కడ ఇరవై తొమ్మిది. టేపు సాగిపోయిందేమోనని బల్లని కూడా కొలిచాను. బల్ల బల్లలాగే ఉంది. మరి పాంటు ఎలా సరిపోతోంది?

తిరగేసి చూశాను. నడుం దగ్గర నాలుగు వరసల కుట్లు, ఒకదాని లోపల ఒకటి. అంగుళానికో వరస. బీరువా అంతా బయట పడేశాను. ప్రతి చొక్కాకీ, ప్రతి పాంటుకీ అదే. సెలవు రోజుల 'అర్జంటు' బట్టలు నావే.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వదులైతే చూసుకుని భయపడతావని బిగించాను" అన్నాడు.

"తినమని చెప్పొచ్చు కదా నాన్నా!"

"చెప్పడం మీ అమ్మ పనమ్మా. నాకు కుట్టడమే వచ్చు."

"మరి మిగిలిన గుడ్డ కత్తిరించలేదేం?"

"మళ్లీ విప్పాలిగా" అన్నాడు.

అత్తయ్యా, తింటున్నానని నీకు అబద్ధం రాశాను. రోజూ అన్నం డబ్బా కట్టుకుని వెళ్తాను. అమ్మ కట్టిన డబ్బా కాదు కదా, మూత తీయబుద్ధి కాదు. అది బైండరు గారికి ఇచ్చేస్తాను. ఇంటికొచ్చి అక్కడే తిన్నానని నాన్నతో అంటాను. నీ ఆరు ప్రశ్నలు చదివి, ఈ డబ్బాల సంగతే నీకు తెలిసిపోయిందనుకున్నాడు. భార్యకి చూపించి, రెండు రోజులు సెలవు పెట్టి, మూడో రోజు పది నెలల డబ్బాలకీ క్షమాపణ చెప్పుకున్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్లాం. నువ్వనుకున్నదేమీ కాదు, రక్తం తక్కువ, తిండి తినమన్నాడు. తిరిగొస్తూ వెనకనుంచి నాన్నని చూశాను. చొక్కా భుజాలు మోచేతుల వైపు జారిపోతున్నాయి. ఆయనవి ఎవరు బిగిస్తారు? ఇంటికి రాగానే నిలబెట్టి కొలిచాను. అందరికీ కొలతలు తీసే మనిషి, చేతులు ఎటు పెట్టాలో తెలియక నిలబడ్డాడు. చొక్కా కొలతతో పోలిస్తే నాకంటే ఎక్కువే తగ్గాడు. పుస్తకంలో ఆయనకి పేజీయే లేదు, ఆ అంకె అమ్మ పేజీలోనే కింద రాశాను.

ఇప్పుడు రెండు పూటలా ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. మాటలు ఇంకా తక్కువే. నిన్న సెలవు. పొద్దున్నే నాన్న నా నల్ల పాంటు ఒళ్లో పెట్టుకుని ఒక వరస విప్పాడు. దారప్పోగులు ఊదేసి, "ఇంకా మూడున్నాయి" అన్నాడు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. నీ టోపీ అందింది. దాన్ని నాన్న చాలాసేపు చేతుల్లో తిప్పి చూసి, ఆ ఇస్త్రీ నీళ్ల సీసాకి తొడిగాడు. అచ్చు సరిపోయింది. బిగించే పని లేదు.