నాన్న కదిపిన మీటలు

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. అక్క కాలి కట్టు విప్పారనీ, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందనీ నువ్వు రాసింది చదివాక నా ప్రాణం కుదుటపడింది. బావగారినీ పిల్లల్నీ అడిగినట్టు చెప్పు. మేం బాగున్నామని రాసేశాను గానీ ఆ మాట కింద కొంచెం వివరం ఉంది. నిదానంగా రాస్తాను, నువ్వూ నిదానంగా చదువు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటా అని మొదట నవ్వుకున్నాను. అక్క వింటుండగా అడగలేక రాశావని రెండో పేజీకి వచ్చాక అర్థమైంది. నాదీ అదే పరిస్థితి. నేను నీతో ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ నాన్న ఎదురుగా కూర్చుని నా ముఖమే చూస్తుంటారు. ఇప్పుడాయన భోంచేసి పడుకున్నారు కాబట్టి ఈ కాగితం తీశాను.

ముందు చిన్న ప్రశ్నలు. గ్యాస్ మార్చాం. మేడ మీద ట్యాంకు కారడం ఆగింది. ప్లంబర్ వచ్చి బాగుచేసి వెళ్లాక ఇంకా ఎక్కువ కారి, తర్వాత దానంతటదే ఆగింది. నాన్న వేళకి తింటున్నారు. వంట ఆయనదే. ఉప్పు ఒకరోజు ఉండదు, ఒకరోజు ఉప్పు తప్ప మరేదీ ఉండదు. బట్టలు రోజూ ఉతుకుతున్నామా అని అడిగావు. సబ్బుకి మాత్రం కొదవలేదు. నాన్న బయటికి వెళ్లినప్పుడల్లా బట్టల సబ్బు కొనుక్కొస్తున్నారు. నీ చీరల అరలో కూడా అవే పేర్చారు. ఎందుకు నాన్నా ఇన్ని అంటే, "అయిపోయిందిగా" అంటారు. ఈ సబ్బుల పిచ్చి ఏమిటో నాకూ మొన్ననే తెలిసింది.

ఇక నువ్వు అసలు అడిగింది. 'మీ నాన్నకి నా మీద కోపమా? ఫోన్ తీసి ఆఁ ఆఁ, సరే సరే అనేసి నీ చేతికిచ్చేస్తారు. నేను లేకపోతేనే ఆయనకి హాయిగా ఉన్నట్టుంది. మీ అక్క ఇక్కడే ఉండిపొమ్మంటోంది, ఉండిపోనా?' అని రాశావు. అది చదివి చాలాసేపు కాగితం మడిచి పక్కన పెట్టేశాను. అంత మాట నువ్వు ఒక్కదానివే కూర్చుని అనుకున్నావంటే నాకు ఏడుపొచ్చింది. దీనికి జవాబు చెప్పాలంటే ముందు నా పని గోల కొంత చెప్పాలి. విసుక్కోకు.

రోజంతా ఆ గదిలో కూర్చుని మీటలు తిప్పుతావు, పాట పాడేది వేరేవాళ్లు, వాయించేది వేరేవాళ్లు, మధ్యలో నువ్వు చేసేదేమిటే అని ఎన్నోసార్లు అడిగావు. నేనెప్పుడూ సరిగా చెప్పలేదు. ఏ శబ్దంలోనైనా బరువైన భాగం ఒకటి, నడిమి భాగం ఒకటి, సన్నటి భాగం ఒకటి ఉంటాయమ్మా. డోలు దిమ్మదిమ్మలాడేది కింద. మనిషి గొంతులో నిండుతనం మధ్యలో. స, శ, త లాంటి అక్షరాల అంచులూ, గాజుల చప్పుడూ పైన. ఏ భాగం ఎంత ఉండాలో విడివిడిగా పెంచి తగ్గించడాన్నే ఈక్వలైజ్ చేయడమంటాం. సౌండు పెంచడం వేరు, ఇది వేరు. మన వంటింట్లో ఇద్దరం నిలబడితే ఒకరు పక్కకి ఒదిగితే గాని రెండోవాళ్లకి పొయ్యి అందదు కదా, పాటలోనూ అంతే. గొంతు వినపడలేదంటే గొంతు పెంచక్కర్లేదు, దాని చోటులో కూర్చున్న వీణనో గిటారునో కాస్త ఒదిగిస్తే చాలు. ఈ పనిలో పెంచడం తక్కువ, తగ్గించడం ఎక్కువ.

ఇంకొక్క సంగతి. నా స్పీకర్ల దగ్గర నాన్న చేసిన చెక్క అరలో ఒక పాత ఈక్వలైజర్ పెట్టె ఉంది, వరసగా నిలువు మీటలుంటాయి, నువ్వు గుడ్డ పెట్టి తుడుస్తానంటే నేను కయ్యిమని అరుస్తానే, అదే. ఆ గది మూల బొయ్యిమంటుంది కాబట్టి దాన్ని సరిచేయడానికి ఆ మీటలు ఒకసారి అమర్చి వదిలేశాను. అది నేను వినే శబ్దాన్ని మాత్రమే మారుస్తుంది. పాటలోకి ఎక్కదు. అంటే అది నా కళ్లద్దాల లాంటిది. అద్దాలు తేడాగా ఉంటే నేను చూసేదంతా తేడాయే, తేడా ఉందని మాత్రం తెలియదు.

నువ్వు వెళ్లిన కొన్నాళ్లకి నాకొక పెద్ద పని వచ్చింది. ఒక పెద్దావిడ పాడిన పాటలు, అన్నీ నేనే మిక్స్ చేయాలి. చేసి పంపాను. సంగీత దర్శకుడు ఫోన్ చేసి, "ఏంటమ్మా, ఆవిడ నోటికి దుప్పటేమైనా కప్పావా?" అన్నాడు. మళ్లీ చేశాను. మళ్లీ వెనక్కి వచ్చింది. నాకేమో ఆ గొంతు చెవిలో సూదిలా గుచ్చుకుంటోంది, పైభాగం తగ్గిస్తూనే ఉన్నాను. ఆయనకి అదే దుప్పటి. పని మొదలుపెట్టే ముందు బాగా తెలిసిన పాట ఒకటి వేసి చెవి సరిచూసుకోవాలి, అది మా పనిలో మొదటి పాఠం. అలసటతో ఆ పాఠం ఎగ్గొట్టాను. చివరికి నా చెవులే పోయాయనుకున్నానమ్మా. ఈ పని తప్ప నాకింకోటి రాదు. వంటింట్లో నిలబడి చెంచా గిన్నె మీద కొట్టుకుని వినేదాన్ని. పొద్దున లేవాలంటేనే ఒళ్లు బరువుగా ఉండేది. నీతో ఒక్క మాట కూడా అనలేదు.

మొన్న ఆ దర్శకుడు రమ్మంటే వెళ్లాను. "నువ్వు కొంచెం రెస్ట్ తీసుకోమ్మా" అని మర్యాదగానే చెప్పాడు. మిగతా పాటలు వేరేవాళ్లకిస్తున్నాడన్నమాట. మధ్యాహ్నం ఎండలో ఉసూరుమంటూ ఇంటికొచ్చాను. గది తలుపు ఓరగా ఉంది. లోపల్నించి నీ గొంతు.

నిజంగా నువ్వే వచ్చేశావనుకున్నాను. చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి చూస్తే, స్పీకరుకి చెవి ఆనించి నాన్న కూర్చున్నారు. కొత్త మైకు కొన్నప్పుడు నిన్ను కూర్చోబెట్టి ఏదో ఒకటి మాట్లాడమన్నాను, గుర్తుందా? "ఏం మాట్లాడనే? నాకవతల బోలెడు పనుంది. మీ నాన్న చొక్కాలు నానబెట్టాను, సబ్బేమో అయిపోయింది, తెమ్మంటే ఆయన తేరు" అన్నావు. అది చెరపకుండా ఉంచాను. నాన్న దాన్నే వేసుకుని, పెట్టె మీద సన్నటి శబ్దం మీటలు పైకి నెడుతున్నారు. అయిపోగానే మళ్లీ మొదటికి తిప్పి, "ఆఁ, ఇంకోసారి చెప్పు" అంటున్నారు నీతో.

నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన ముఖమైనా చూడకుండా, "నా పెట్టె ముట్టుకోవద్దన్నానా! నా పనంతా మట్టిగొట్టుకుపోయింది మీ వల్ల!" అని గట్టిగా అరిచాను. ఆయన లేచి నిలబడ్డారు. నా నోటివైపు చూశారు. ఆ చూపుతో నాకు మొత్తం అర్థమైపోయింది.

"రోజూ ఎక్కడున్నవి అక్కడే పెట్టేస్తున్నానమ్మా. గుర్తుపెట్టుకునే పెడుతున్నా" అన్నారు. పెడుతున్నారు, వెంట్రుకవాసి తేడాతో. రోజుకింత చొప్పున మీటలు పైకి జరిగాయి, నా చెవి ఆ తేడాకి అలవాటుపడింది, అక్కడ ఎక్కువగా వినపడిందంతా నేను పాటలో కోసేశాను.

ఇదీ అమ్మా సంగతి. నాన్నకి సన్నటి శబ్దాలు వినపడట్లేదు. ప్రెస్సులో ఆ అచ్చు మిషన్ల పక్కన నిలబడి చేసిన ఉద్యోగం ఊరికే పోతుందా! తలుపు కొడితే వినపడుతుంది, బండి హారన్ వినపడుతుంది, నా గొంతు మందం కాబట్టి చాలావరకు నెట్టుకొస్తున్నారు. నీది సన్నటి గొంతు. ఫోన్లో ఇంకా సన్నబడుతుంది. అన్ని గొంతుల్లోనూ ముందు పోయింది నీదే. "మాట్లాడుతోందని తెలుస్తుంది, ఏమంటోందో తెలీదు. తప్పు జవాబు చెబితే కనిపెట్టేస్తుందని నీకిచ్చేస్తున్నా. మైకులో మీ అమ్మ అన్న ఆ సబ్బు మాట ఒక్కటే నాకు బాగా తెలుసు. అది వినపడితే చాలు, ఆ రోజు చెవి బాగున్నట్టు. మొదట్లో ఈ మీటలు కాస్త నెడితే వినపడేది, ఇప్పుడు పైదాకా నెట్టాలి" అన్నారు. వినపడిన ప్రతిరోజూ వెళ్లి సబ్బు తెస్తున్నారు. ఏమిటీ పని అంటే, "ఎన్నేళ్లుగా అడుగుతోంది పాపం, తెస్తే పోలా" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

అమ్మకి చెప్పకు అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నీకు చాకిరీ ఎక్కువవుతుందని కాదట. నువ్వు ఆయన్ని ఎప్పుడూ 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో' అని దెప్పుతావు కదా, ఇన్నాళ్లూ వినపడీ విననట్టు నటించి నవ్వేవారట. ఇప్పుడు అది నిజమైందంటే నువ్వు ఆ మాట ఇక అనవట. అనకుండా జాలిపడతావని ఆయన భయం. ఆ ఒట్టే నేనిప్పుడు తప్పుతున్నాను. నువ్వు ఉండిపోనా అని అడిగాక ఏ ఒట్టూ నిలబడదమ్మా.

పెట్టె సరిచేసి పాటలు మళ్లీ చేశాను. దర్శకుడు రెండు తీసుకున్నాడు, మిగతావి ఇచ్చేసిన చోటే ఉన్నాయి. పోనీ. నా చెవులు మిగిలాయి, అది చాలు. నాన్నని బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చెవికి మిషన్ పెట్టాలన్నారు. అదీ చిన్న ఈక్వలైజరే, పోయిన భాగాన్ని చూసి అక్కడ మాత్రమే పెంచుతుంది. పెట్టి, ఇంట్లోవాళ్లు మాట్లాడుతుంటే విని సరిచేసుకోవాలట. అంతా విని నాన్న కుర్చీలోంచి లేచారు. "ఇప్పుడొద్దులెండి డాక్టరుగారూ. ఎవరి గొంతుకి సరిచేయించుకోవాలో ఆవిడ ఊళ్లో లేదు" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు.

ఉండిపోనా అన్నదానికి ఇదే నా జవాబు. అక్క నడవగానే వచ్చెయ్.

ఈలోగా ఫోన్ సంగతి. నా పనికి అడ్డం రాకుండా నాన్నకి విడిగా ఇంకో పాత పెట్టె పెట్టి, ఫోన్ దానికి కలిపాను. నీ పాత మాటలు వేసి, ముందు సన్నటి శబ్దం మీటలు పెంచి చూస్తే ఆయన చెవులు మూసుకున్నారు. తర్వాత వాటిని కాస్త దించి, ఫ్యాను రొద ఉండే కింది భాగం తగ్గించాను. అప్పుడు నువ్వు బయటపడ్డావు. ఆ మీటల పక్కన అంటించిన కాగితం ముక్క మీద నాన్న అచ్చు గుద్దినట్టుండే తన అక్షరాలతో 'ఆవిడ' అని రాసుకున్నారు.

ఆదివారం చెయ్యి. గట్టిగా అరవకు, అరిస్తే ఇంకా తెలియదు. మెల్లగా, విడివిడిగా మాట్లాడు. నీకేమీ తెలియనట్టే ఉండు. ఎలా ఉన్నారని అడగొద్దు, ఆఁ ఆఁ అనేసి నాకిచ్చేస్తారు. ఫోన్ తీయగానే సబ్బు తెచ్చారా అని అడుగు. ఎప్పుడూ తేరని దెప్పు కూడా. ఎప్పుడూ అనే మాట అను. జాలిపడకు.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ చిన్న కూతురు