పది దుప్పట్లకో కట్ట

అమ్మా,

నా నడుంనొప్పి తగ్గింది, కంగారుపడకు. మా ఆసుపత్రి లాండ్రీలో దుప్పటికి అవతలి కొసలు పట్టుకుని నాతో మడతపెట్టే అక్క మొన్న పని మానేసి వాళ్ల ఊరెళ్లిపోయింది. ఆవిడది ఫిలిప్పీన్స్, భాష తగాలోగ్. పది దుప్పట్లకో కట్ట కదా, వచ్చిన వారంలోనే ఒకటి నుంచి పది దాకా నా దగ్గర నేర్చుకుని, రెండేళ్లూ తెలుగులోనే లెక్కపెట్టింది. రోజూ పొద్దున్నే "బాగున్నావా చెల్లీ?" అనేది. నేనేమో మహారాణిలా తల ఊపేదాన్ని. వాళ్ల మాట ఒక్కటైనా అడిగిన పాపాన పోలేదు.

ఆవిడ వెళ్లిపోతోందంటే అప్పుడు సిగ్గేసింది. ఇస్త్రీ అతనిదీ అదే భాష. అతన్ని బతిమాలి రెండు రోజులు బట్టీ పట్టాను. ఆఖరి రోజు "కుముస్తా, ఆతె" అన్నాను. బాగున్నావా అక్కా అని. ఇసా, దలవా, తత్లో అని వాళ్ల అంకెల్లోనే లెక్కపెడుతూ మడతలు మొదలుపెట్టాను. ఐదో దుప్పటి కాకముందే ఆవిడ దుప్పటి కొసతో కళ్లు తుడుచుకుని, "ఇప్పుడా చెల్లీ?" అంది.

మిక్సీ బాగుచేయించావా? బీపీ మాత్రలు మానకు. నాన్నకి నా దణ్ణాలు.

కార్డులో చోటు చాలక అడ్రసు పక్కన రాస్తున్నాను. తమ్ముడి పెళ్లిలో కొత్త కోడలి వచ్చీరాని తెలుగు విని మనిద్దరం పగలబడి నవ్వాం. ఇంక నవ్వొద్దు. బాగున్నావా అని ఆ పిల్ల భాషలోనే నేనడిగానని చెప్పు. ఎలా అనాలో నాకు తెలీదు. ఆ పిల్లనే అడిగి నేర్చుకుని, నాకూ రాయి.

నీ పెద్దది